చెరిపినను చెరగని వ్రాత



తాటాకుపై గంటముతో వ్రాసిన వ్రాతను మీలో పలువురు చూచియుందురు. గంటము ఆకును గీయునే గాని నలుపు చేయదు. పిదప మసి పూసి తుడిచినప్పుడు, గీతలలో నిలిచిన మసివలన అక్షరములు కనబడును. ఆ మసి పోయినచో అక్షరములు మాయమైనట్లు తోచును. కాని గీతలు ఆకుననే యుండును; మరల మసి పూసినచో వ్రాత మరల బయటపడును. కంప్యూటరునందు మనము చెరిపితిమనుకొను పత్రముల గతియు ఇంచుమించు ఇట్టిదే.

ఈ సంగతి గాజువాకవారికి మిక్కిలి అక్కరకు వచ్చునది. విశాఖ ఉక్కు కర్మాగారమునకు 1971లో శంకుస్థాపన జరిగినది. దానికై భూములిచ్చిన కుటుంబములు ఈ పరిసరములందు పెక్కు గలవు. ఒక్క కాగితము పోయినచో ఎన్ని కచేరీలు తిరుగవలెనో వారెరుగుదురు. నేడు భూమి పత్రముల, ఆధారు కార్డుల, బ్యాంకు పుస్తకముల నకళ్లు కంప్యూటరులందును సెల్‌ఫోనులందును ఉన్నవి. అవి పొరపాటున చెరిగిపోవచ్చును. లేదా, చెరిపితిమన్న ధీమాతో అమ్మిన యంత్రముతోపాటు పరులచేత పడవచ్చును.

కంప్యూటరులోని డిస్కును దస్తావేజుల గదిగా భావింపుడు. ఏ పత్రము ఏ అరలో నున్నదో తెలుపు పట్టిక యొకటి అందుండును. చెరుపుమన్నప్పుడు ఫైలు సాధారణముగా మొదట చెత్తబుట్టను చేరును. ఆ బుట్టను ఖాళీ చేసినను, యంత్రము పట్టికలో “ఈ అర ఖాళీ” అని గుర్తుపెట్టునే గాని, అరలోని కాగితమును తీయదు. క్రొత్త పత్రము వచ్చి ఆ చోటు నాక్రమించువరకు పాతది అందే యుండును. అరలన్నియు తుడుచుటకు చాలసేపు పట్టును; పట్టికను దిద్దుట క్షణములో పని. అందుచేతనే ఈ ఏర్పాటు.

అమెరికాలో గార్ఫింకెల్, షెలాట్ అను పరిశోధకులు 158 పాత డిస్కులను సేకరించి పరీక్షించి, ఫలితములను 2003లో ప్రకటించిరి. పనిచేసిన 129 డిస్కులలో సరిగా తుడిచినవి 12 మాత్రమే! ఒకదానిలో బ్యాంకు ఖాతాల సంఖ్యలు సైతము దొరకినవి.

కావున, ముఖ్యమైన ఫైలు పొరపాటున చెరిగినచో ఆ యంత్రమును వెంటనే ఆపి, తెలిసినవానికి చూపవలెను. క్రొత్త ఫోటో యొకటి తీసినను పాతదానిచోటు పోవచ్చును. సెల్‌ఫోనులలోను, క్రొత్త రకపు డిస్కులలోను ఖాళీ అరలను యంత్రమే తుడిచివేయుట గలదు గనుక ఆలస్యము తగదు.

శాశ్వతముగా చెరుపవలెనన్నచో, హార్డుడిస్కు నంతటిని వేరొక వ్రాతతో నింపవలెను. నేటి డిస్కులకు ఒక్కమారు నింపిన సాధారణముగా చాలును. నేటి సెల్‌ఫోనులు పెక్కు తమలోని వ్రాతను గూఢలిపిలో దాచును. “ఫ్యాక్టరీ రీసెట్” చేసినప్పుడు దాని తాళపుచెవి నశించును. చెవి లేని పెట్టె ఎవరి చేతికి పోయిననేమి? కాని మెమరీకార్డును మాత్రము ముందుగా తీసి మీయొద్దనే యుంచుకొనుడు. పాడైన డిస్కును ముక్కలు చేయించుడు. కాల్పవలదు, ఆ పొగ హానికరము.

ఇతరులకు పంపిన నకలు మీ యంత్రమును తుడిచినంతమాత్రమున చెరగదు. కావున తుడుచుటలోనే గాక పంపుటలోను జాగ్రత్త వలయును. ఉంచవలసినదానికి రెండవ ప్రతి, పోవలసినదానికి పూర్తి నాశనము: ఈ రెండును మరువకుడు.