లోహాన్ని ముందుగా తాకిందెవరు?

ఓవెన్ లేని ఇల్లు. కుక్కరు అడుగున ఉప్పు పరిచి, గాస్కెట్టూ విజిలూ తీసేసి, సన్నని సెగ మీద ముప్పావుగంట ఓపికగా చేసిన కేకు. ఇల్లంతా వెనిలా వాసన. పుట్టినరోజు పిల్ల పొయ్యి దగ్గర్నుంచి కదలడం లేదు. వాళ్లమ్మ గిన్నె మీద పళ్లెం మూతపెట్టి, రెండూ కలిపి పట్టుకుని తిరగేసి, అడుగున నాలుగుసార్లు తట్టి, గిన్నె పైకెత్తింది. పళ్లెంలోకి సగం కేకే వచ్చింది. మిగతా సగం గిన్నె అడుగున కరుచుకుని ఉండిపోయింది.

పిండి బాగా కలిసింది. గుడ్లు తాజావి. మంట ఎక్కువైందనడానికి మాడు వాసన కూడా లేదు. మరి లోపం ఎక్కడ?

ఈ సంగతికి మన భాషలో చక్కటి మాట ఉంది: అడుగంటడం. పప్పు అడుగంటింది, పాయసం అడుగంటింది అంటాం. అంటడమంటే తాకడమే. మాడడం ఆ తర్వాతి కథ. పదార్థం వెళ్లి గిన్నె అడుగును తాకడంతోనే చిక్కు మొదలవుతుందని ఆ మాటలోనే ఉంది. రసాయనశాస్త్రం చెప్పేదీ అదే. వేడెక్కుతున్న లోహాన్ని పిండి ముందుగా తాకిందా, లేక మరేదైనా ముందుగా వెళ్లి అడ్డం కూర్చుందా? కేకు ఊడి రావడం, రాకపోవడం చాలావరకు ఈ ఒక్క ప్రశ్న మీదే ఆధారపడి ఉంటుంది.

మూడు జిగుర్లు ఒక్క గిన్నెలో

తోమి కడిగిన స్టీలు గిన్నె కంటికి అద్దంలా కనిపిస్తుంది. సూక్ష్మదర్శిని కింద పెడితే అదే గిన్నె నిండా గీతలు, గుంటలు, గట్లు. పల్చగా ఉన్నప్పుడు కేకు పిండి ఈ గుంటల్లోకి జారుతుంది. వేడికి అక్కడే గట్టిపడుతుంది. గోడ పగుళ్లలోకి దిగి గట్టిపడిన సిమెంటు లాగా పట్టు బిగిస్తుంది.

ఇది పైపై పట్టు మాత్రమే. అసలు పట్టు అణువుల దగ్గర ఉంది. గుడ్డులోని ప్రొటీన్లు ఉండలు చుట్టిన దారాల్లాంటివి. సుమారు 60 డిగ్రీల సెల్సియస్ దాటేసరికి ఆ ఉండలు విడిపోవడం మొదలవుతుంది. అప్పటిదాకా లోపల దాగి ఉన్న భాగాలు బయటపడి, పక్కనున్న దేన్నయినా పట్టుకోవడానికి సిద్ధమవుతాయి. పక్కన మరో ప్రొటీన్ ఉంటే దాన్ని పట్టుకుంటాయి, కేకు గట్టిపడుతుంది. పక్కన లోహం ఉంటే లోహాన్నే పట్టుకుంటాయి. కేకుకు నిలబడే బలాన్నిచ్చే గుణమే దాన్ని గిన్నెకూ కట్టిపడేస్తుంది.

రెండోది మైదా. మన ఊళ్లలో సినిమా పోస్టర్లు గోడలకు అంటించిన జిగురు ఏమిటో గుర్తు చేసుకోండి. మైదాను నీళ్లలో ఉడికించిన గంజే అది. నీటిలో ఉన్న పిండి రేణువులు 60 డిగ్రీల దగ్గర్నుంచి నీటిని పీల్చుకుని ఉబ్బి జిగురుగా మారతాయి. కేకు గిన్నెలోనూ జరిగేది అదే.

మూడోది చక్కెర. గిన్నె అంచుల దగ్గర, అడుగున నీరు త్వరగా ఆవిరవుతుంది. మిగిలిన చక్కెర పాకమవుతుంది. పాకం వేడిగా ఉన్నంతసేపు జారుతుంది. చల్లారితే పల్లీపట్టీలో పల్లీలను పట్టినట్టు కేకును గిన్నెకు పట్టేస్తుంది. బెల్లం, తేనె, పండ్ల గుజ్జు వేసిన కేకులు ఎక్కువగా అంటుకుపోవడానికి కారణం ఇదే.

కోడిగుడ్డు జిగురు, పోస్టర్ల జిగురు, పాకం. మూడింటినీ కలిపి వేడి గిన్నెలో పోస్తున్నాం. అంటుకోవడమే దాని స్వభావం. అంటుకోకుండా రావాలంటేనే ఏర్పాటు చేయాలి.

నూనె ముందుగా వెళ్లాలి

ఆ ఏర్పాట్లలో అతి పాతది నూనె. పిండి కంటే ముందు నూనె రాస్తే అది లోహపు గుంటల్ని నింపుతుంది, గట్లను కప్పుతుంది. ప్రొటీన్‌కు లోహం దొరకదు. పిండిలో ఎక్కువ భాగం నీరే కాబట్టి, నీరూ నూనే కలవవు కాబట్టి, రెండింటి మధ్యా హద్దు నిలుస్తుంది.

అయితే ఈ హద్దు తెగడం తేలిక. చెక్ దేశపు శాస్త్రవేత్తలు అలెగ్జాండర్ ఫెడోర్చెంకో, యాన్ హ్రూబీ వేడి పెనం మీద నూనె పొర ఎలా ప్రవర్తిస్తుందో గమనించి 2021లో వివరించారు. పెనం నడిమి భాగం అంచుల కంటే వేడిగా ఉంటుంది. వేడెక్కిన చోట నూనె తలతన్యత తగ్గుతుంది. చల్లగా ఉన్న అంచుల వైపు తలతన్యత ఎక్కువ కాబట్టి, నూనెను అటు లాగేసుకుంటుంది. పొర నడుమ పల్చబడి పల్చబడి ఒక దశలో తెగిపోతుంది. అక్కడ ఒట్టి లోహం బయటపడుతుంది. చుట్టూ నూనె ఉన్నా అట్టు సరిగ్గా పెనం మధ్యలోనే ఎందుకు అంటుకుంటుందో దీన్నిబట్టి అర్థమవుతుంది.

మన వంటిళ్లలో అట్టు అట్టుకీ మధ్య సగానికి కోసిన ఉల్లిపాయనో, వంకాయ తొడిమనో నూనెలో ముంచి పెనమంతా రుద్దుతారు. దాని పని చూడండి. వెనక్కి జరిగిన నూనెను మళ్లీ నడిమికి తెస్తుంది. కిందటి అట్టు తాలూకు మాడిన తునకల్ని ఊడ్చేస్తుంది. దానిలోని తడి పెనం వేడిని కొంచెం దించుతుంది. తెగిన పొరను ప్రతి అట్టుకీ మళ్లీ అతుకుతున్న చెయ్యి అది.

కేకు గిన్నెకు వెన్న రాసేవాళ్లు ఒక సంగతి గమనించాలి. వెన్నలో సుమారు 80 శాతమే కొవ్వు. మిగతాదాంట్లో ఎక్కువ భాగం నీరు, కొద్దిగా పాల ప్రొటీన్లు, పాల చక్కెర. అంటే అడ్డుపొరగా రాసిన దానిలోనే అంటుకునే సరుకు కొంత ఉంది. వెన్న కాచి నెయ్యి చేసినప్పుడు నీరు ఆవిరైపోతుంది, ప్రొటీన్లు గసిగా అడుగున చేరతాయి. వడకట్టిన నెయ్యి దాదాపు పూర్తిగా కొవ్వే. గిన్నెకు రాయడానికి వెన్న కంటే నెయ్యి మేలు.

నూనె గిన్నె గోడల మీద నిలవకుండా కిందికి జారుతుంది. అందుకే నూనె రాశాక పైన పొడి మైదా చల్లి, గిన్నెను తిప్పి, మిగిలినది దులిపేస్తారు. మైదా రేణువులు నూనెను పీల్చి పట్టుకుంటాయి, జారనివ్వవు. చాక్లెట్ కేకైతే మైదా బదులు కోకో పొడి చల్లితే తెల్లని మచ్చలు పడవు.

ఇంకో అడుగు ముందుకు వేస్తే లెసిథిన్. ఫ్రెంచి రసాయనవేత్త థియోడోర్ గోబ్లే 1840ల్లో గుడ్డు పచ్చసొన నుంచి దీన్ని వేరుచేసి, 1850లో పచ్చసొనకు గ్రీకు భాషలో ఉన్న పేరునే దీనికి పెట్టాడు. ఈ అణువుకు ఒక కొస నీటిని ఇష్టపడుతుంది, రెండో కొస నూనెను. దీన్ని కలిపిన నూనె బొట్లుబొట్లుగా విడిపోకుండా లోహమంతా సమంగా పరుచుకుంటుంది. బేకరీల్లో టిన్నులకు రాసే నూనెల్లోనూ, డబ్బాల్లో అమ్మే వంట స్ప్రేల్లోనూ సోయా నుంచి తీసిన లెసిథిన్ ఉండేది అందుకే.

దారికొచ్చిన పెనం

ఎన్నిసార్లు రాసినా నూనె మళ్లీ జరిగిపోతుంది. అది అక్కడే గట్టిపడి ఉండిపోతే? అమ్మమ్మల కాలం నాటి ఇనప పెనం ఆ ప్రశ్నకు జవాబు.

కొత్త పెనం బూడిద రంగులో ఉంటుంది, వేసిన ప్రతి అట్టునీ పట్టుకుంటుంది. పల్చగా నూనె రాసి పొగ వచ్చేదాకా కాచి చల్లార్చడం, మళ్లీ రాసి మళ్లీ కాచడం చేస్తే కొన్నాళ్లకు నల్లగా నిగనిగలాడుతుంది. ఆ నలుపు మసి కాదు, మురికి కాదు. నూనెలోని అసంతృప్త కొవ్వులు వేడికి, గాలిలోని ఆక్సిజన్‌కు ఒకదానితో ఒకటి గొలుసులుగా కలిసిపోయి ఏర్పడిన గట్టి పొర. వడ్రంగులు తలుపులకు రాసే అవిసె నూనె ఎండి మెరుపు పొరగా మారడం వెనక ఉన్న రసాయన చర్య కూడా ఇదే. ఎక్కువ భాగం సంతృప్త కొవ్వే ఉండే కొబ్బరినూనె ఈ పనికి అంతగా పనికిరాదు.

నూనెను ఒకేసారి ఎక్కువగా పోస్తే ఈ పొర జిడ్డుజిడ్డుగా మిగిలిపోతుంది. గుడ్డతో తుడిచేసినంత పల్చగా, పదేపదే రాయాలి. ఇలా తయారైన పెనంలో చింతపండు పులుసో టమాటా కూరో ఉడికించకూడదు. ఆ పులుపు పొరను దెబ్బతీసి కింది ఇనుమును కొరుకుతుంది.

దేనికీ అంటనిది

నూనెతో పనిలేని పొర ఒకటి అనుకోకుండా దొరికింది. 1938 ఏప్రిల్ 6న అమెరికాలోని న్యూజెర్సీలో డ్యూపాంట్ ప్రయోగశాలలో 27 ఏళ్ల రాయ్ ప్లంకెట్ ఫ్రిజ్‌లకు పనికొచ్చే వాయువుల మీద ప్రయోగాలు చేస్తున్నాడు. టెట్రాఫ్లోరోఎథిలీన్ నింపిన సిలిండర్ తిప్పితే వాయువు రాలేదు. తూకం చూస్తే బరువు తగ్గలేదు. సిలిండర్‌ను కోసి చూశారు. లోపల మైనంలా జారే తెల్లని పొడి. వాయువు అణువులు తమంతట తామే గొలుసులు కట్టి ఘనపదార్థమైపోయాయి. అదే టెఫ్లాన్.

దానిలో కర్బన గొలుసు చుట్టూ ఫ్లోరిన్ పరమాణువులు కవచంలా కప్పి ఉంటాయి. కర్బనానికీ ఫ్లోరిన్‌కూ మధ్య బంధం ఎంతో బలమైనది. అది విడిపోయి ప్రొటీన్‌తోనో చక్కెరతోనో చేతులు కలపదు. గోడ మీద తలకిందులుగా పాకే బల్లి జాతి కూడా పొడి టెఫ్లాన్ మీద పట్టు దొరక్క జారిపోతుంది.

దేనికీ అంటనిది గిన్నెకు మాత్రం ఎలా అంటింది? ఫ్రాన్స్‌లో మార్క్ గ్రెగ్వార్ అనే ఇంజినీరు 1950ల్లో అల్యూమినియం ఉపరితలాన్ని ఆమ్లంతో గరుకు చేసి, ఆ గుంటల్లోకి టెఫ్లాన్‌ను దించి నిలిపాడు. కేకును పట్టుకుని సతాయించే గుంటలే ఇక్కడ టెఫ్లాన్‌కు ఆధారమయ్యాయి. ఆ పద్ధతితో 1956లో టెఫాల్ కంపెనీ మొదలైంది.

ఈ గిన్నెల్ని ఖాళీగా పొయ్యి మీద వదిలేయకూడదు. 260 డిగ్రీలు దాటితే పొర పాడవడం మొదలవుతుంది. 350 దాటితే హానికర వాయువులు వెలువడతాయి. ఇంట్లో పెంచుకునే చిలుకల్లాంటి పక్షులకు అవి ప్రాణాంతకం. తయారీలో ఒకప్పుడు వాడిన పీఎఫ్‌ఓఏ అనే రసాయనాన్ని ఆరోగ్య, పర్యావరణ కారణాలతో 2019లో స్టాక్‌హోమ్ ఒప్పందం కింద నిషేధిత జాబితాలో చేర్చారు. గీతలు పడి పొర లేచిపోయిన గిన్నె మునుపటిలా పనిచేయదు. దాన్ని మార్చేయడమే మంచిది.

వదిలే సమయం

అంటడం ఒక ఎత్తు, వదలడం ఇంకో ఎత్తు. ఇది చూడాలంటే హైదరాబాద్ పాతబస్తీలో నాన్‌లు కాల్చే తందూర్ దగ్గర నిలబడాలి. పనివాడు పిండి వెనకవైపు తడి చేసి కాలుతున్న మట్టి గోడకు చరుస్తాడు. అక్కడ అంటుకోవడమే కావాలి. తడి పిండి గోడను పట్టుకుని వేలాడుతుంది. క్షణాల్లో తడి ఆవిరై, గోడ వైపు భాగం ఎండి పెళుసెక్కుతుంది. అప్పుడు ఇనప ఊచతో అలా కదిపితే చాలు, నాన్ ఊడి చేతికొస్తుంది. తడిగా ఉన్నప్పుడు పట్టుకున్నదే ఆరాక వదిలేసింది.

దిబ్బరొట్టె చేసేవాళ్లకు ఈ విద్య తెలుసు. మందపాటి మూకుట్లో మినప్పిండి వేసి, మూతపెట్టి, సన్నని సెగ మీద వదిలేస్తారు. తొందరపడి అట్లకాడ దూరిస్తే పిండి ముక్కలై వస్తుంది. అడుగు ఎర్రగా కాలి కరకరలాడే దాకా ఆగితే రొట్టె తానే అంచులు వదులుతుంది.

కేకుకూ ఇలాంటి సమయమే ఉంది. పొయ్యి మీద నుంచి దించగానే కేకు మెత్తగా ఉంటుంది, తిరగేస్తే తన బరువుకు తానే విరుగుతుంది. పది పదిహేను నిమిషాలు ఆగితే లోపలి పిండిపదార్థం బిగుస్తుంది, కేకు కొంచెం ముడుచుకుని గోడల్ని వదులుతుంది. పూర్తిగా చల్లారేదాకా గిన్నెలోనే ఉంచితే మరో ఇబ్బంది. ఆవిరి నీరై అడుగున చెమ్మ పడుతుంది, పాకం గట్టిపడుతుంది. అప్పుడు గిన్నె అడుగును అరనిమిషం వేడి నీళ్లలో ఉంచితే పాకం మళ్లీ కరిగి పట్టు సడలుతుంది.

అంటుకోవడాన్నే కోరుకునే కేకు కూడా ఒకటుంది. అమెరికన్లు గుడ్డు తెల్లసొన నురగతో చేసే ఏంజెల్ ఫుడ్ కేకుకు గిన్నెకు నూనె రాయనే రాయరు. ఆ నురగ గిన్నె గోడను పట్టుకుని పైకి పాకాలి. కాల్చాక గిన్నెను తలకిందులుగా పెట్టి చల్లారుస్తారు. గోడను పట్టుకుని వేలాడటం వల్లే ఆ కేకు కుంగిపోకుండా నిలుస్తుంది.

మామూలు కేకుకు మాత్రం అడ్డుపొర కావాలి. గిన్నె అడుగు కొలతకు బటర్ పేపర్ గుండ్రంగా కత్తిరించండి. గిన్నెకు నెయ్యి రాసి, కాగితం పరిచి, కాగితం పైనా నెయ్యి రాయండి. గోడలకు మైదా చల్లి దులపండి. బటర్ పేపర్ లేదని వార్తాపత్రిక పరచకండి. అచ్చు సిరాలోని రసాయనాలు తినేవాటిలో చేరకూడదు.

పిండి పోసేముందు ఆఖరుగా ఒక్క పని చేయండి. అడుగూ గోడా కలిసే మూల చుట్టూ వేలు పెట్టి తిప్పి చూడండి. వేలికి నెయ్యి తగలని చోటేదో, రేపు కేకు పట్టుకునేది ఆ చోటే.