కృతజ్ఞత: మనస్సుకు నిత్య రసాయనం

ఆరోగ్యమనగానే మనకు పథ్యం, కషాయం, చూర్ణం, లేహ్యం గుర్తుకు వస్తాయి. కాని సుశ్రుతాచార్యుడు స్వస్థుడెవరో నిర్వచిస్తూ దోషాలు, అగ్ని, ధాతువులు, మలక్రియలు సమస్థితిలో ఉండటంతో సరిపెట్టలేదు. ఆత్మ, ఇంద్రియాలు, మనస్సు ప్రసన్నంగా ఉన్నవాడే స్వస్థుడని తేల్చాడు. సంవత్సరాంతానికి మనలో చాలామందికి కొరవడేది ఈ ప్రసన్నతే. డిసెంబరు రాగానే రాని ప్రమోషను, కుదరని సంబంధం, తీరని అప్పు అన్నీ లెక్కకు వస్తాయి. మనకు అందిన మేలు లెక్క మాత్రం ఎవరూ తీయరు. ఆ రెండవ లెక్కను ప్రతి ఇంటా ఆరంభించవలసిందిగా కోరడమే ఈ వ్యాసం ఉద్దేశం.

చరకుని దృష్టిలో కృతజ్ఞుడు

చరకసంహిత విమానస్థానం ఎనిమిదవ అధ్యాయంలో రోగిని పరీక్షించే విధానం వివరంగా ఉంది. చర్మం మొదలుకొని సత్త్వం, అనగా మనోబలం, వరకు ఎనిమిది సారాలను వైద్యుడు గమనించాలని అక్కడ చెప్పారు. సత్త్వసారం గల మనిషి లక్షణాలలో జ్ఞాపకశక్తి, భక్తి, కృతజ్ఞత, ప్రజ్ఞ, శుచిత్వం, ఉత్సాహం ఉన్నాయి. విషాదానికి లొంగకపోవడం కూడా అందులో ఒకటి. అంటే కృతజ్ఞతను మన పూర్వులు కేవలం మర్యాదగా భావించలేదు. నాడిని చూసినట్లే చూడదగిన బలంగా పరిగణించారు.

ఆ పదంలోనే దాని అర్థం దాగి ఉంది. కృతం అంటే చేయబడినది. జ్ఞుడు అంటే ఎరిగినవాడు. తనకు ఎవరు ఏమి చేశారో ఎరిగి ఉన్నవాడే కృతజ్ఞుడు. కాబట్టి ఇది పెదవులకంటే ముందు జ్ఞాపకానికి సంబంధించిన సాధన. సత్యం పలకడం, కోపాన్ని విడవడం, దానశీలం, పెద్దలను సేవించడం వంటి గుణాలు గలవానికి నిత్యం రసాయన సేవనం చేసిన ఫలితం లభిస్తుందని చరకుడు చికిత్సాస్థానంలో అన్నాడు. దీనినే ఆచార రసాయనం అంటారు.

ఆధునికులు కూడా ఈ విషయాన్ని పరిశీలించారు. అమెరికాకు చెందిన మనస్తత్వ శాస్త్రజ్ఞులు రాబర్ట్ ఎమన్స్, మైకేల్ మెకలో 2003లో ప్రచురించిన పరిశోధనలో నరాల, కండరాల వ్యాధితో బాధపడేవారు కొందరు 21 రోజులపాటు తాము కృతజ్ఞులై ఉన్న విషయాలను రోజూ రాశారు. అలా రాయనివారికంటే వీరు ఎక్కువసేపు నిద్రించారని, లేచినప్పుడు ఎక్కువ హాయిగా ఉన్నట్లు చెప్పారని అందులో తేలింది.

మన విశాఖలో సంవత్సరాంతం

ఈ సాధనకు మా విశాఖపట్నంలో డిసెంబరు ఎంతో అనువైన కాలం. మార్గశిర మాసం వచ్చిందంటే గురువారాలలో బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారి సన్నిధి కిటకిటలాడుతుంది. పైకప్పు లేని ఆ గర్భగుడిలో భక్తులే స్వయంగా అమ్మవారికి పసుపు కుంకుమలు సమర్పిస్తారు. హార్బరు ప్రక్కనున్న కొండలలో ఒకదానిపై వేంకటేశ్వరాలయం, ఒకదానిపై ఇషాక్ మదీనా దర్గా, రాస్‌హిల్‌పై మేరీమాత చర్చి ఉన్నాయి. డిసెంబరు 8న రాస్‌హిల్ ఉత్సవానికి వేలాదిమంది మెట్లెక్కుతారు. మొక్కు తీర్చుకోవడమంటే అందిన మేలును మరువలేదని చెప్పుకోవడమే కదా!

దైవానికి చెప్పుకున్నంత సులభంగా మనుషుల మేలు మనకు గుర్తుకు రాదు. విశాఖ ఓడరేవును 1933 డిసెంబరు 19న వైస్రాయి విల్లింగ్‌డన్ ప్రారంభించినట్లు చరిత్రలో ఉంది. చిత్తడి నేలలో బురద తవ్వి ఓడలకు దారి చేసిన కూలీల పేర్లు మనకు తెలియవు. ఉక్కు కర్మాగారం కోసం 1966లో జరిగిన ఉద్యమంలో 32 మంది ప్రాణాలర్పించారు. 1971లో శంకుస్థాపన జరిగింది. 1992లో కర్మాగారం జాతికి అంకితమైంది. దానికోసం 64 గ్రామాల ప్రజలు భూములు వదులుకున్నారు. ఉద్యోగం కోసం ఎదురుచూస్తూనే ఉన్న నిర్వాసిత కుటుంబాలు ఇంకా ఉన్నాయి. ఈ ఊరిలో జీతం తీసుకుని పిల్లలను చదివించుకున్న మనం ఆ ఋణాన్ని ఎరిగి ఉండటం కనీస ధర్మం.

మా ఇంటి అనుభవం

నేను వైద్యురాలిని కాను. గాజువాకలో ముప్పై ఏళ్లుగా కాపురం ఉంటున్న గృహిణిని. మా వారు షిఫ్టు డ్యూటీలలో పనిచేసి రిటైరయ్యారు. రక్తపోటుకు డాక్టరుగారు ఇచ్చిన మాత్రలు క్రమం తప్పక వేసుకుంటున్నా, రాత్రి నిద్ర పట్టేది కాదు. పడుకున్నది మొదలు పాత అన్యాయాలే తలచుకునేవారు. నిరుడు డిసెంబరులో రాత్రి భోజనాలయ్యాక, ఆ రోజు లేదా గతంలో మేలు చేసిన ఒక మనిషిని ఇంటిల్లిపాదీ తలా ఒకరిని తలచుకునే నియమం పెట్టాను.

మొదటి వారం ఆయన ముక్తసరిగా పాలవాడు, కండక్టరు అని సరిపెట్టారు. ఒక రాత్రి మా మనుమరాలు, "తాతయ్యా, ఈ రోజు ఎవరు?" అని అడిగితే చాలాసేపు మౌనంగా ఉండి, "హుద్‌హుద్‌లో నీళ్లిచ్చిన పక్కింటి పిన్నిగారు" అన్నారు. 2014 అక్టోబరు 12న వచ్చిన ఆ తుఫానులో ఊరంతా కరెంటు పోయింది, కుళాయిలు ఆగిపోయాయి. ఆమె తన పెరటి బావిని నాలుగు రోజులపాటు వీధి అంతటికీ విడిచిపెట్టారు. ఆ తరువాత ప్రహరీగోడ తగాదా వచ్చి రెండు ఇళ్లకూ మాటలు లేకుండా పోయాయి.

మర్నాడు ఉదయం మా వారే వెళ్లి ఆమెను పలకరించారు. గోడ సంగతి ఇప్పటికీ తేలలేదు. కాని పిన్నిగారికి జ్వరం వస్తే మా ఇంటి నుంచి జావ వెళుతోంది. వారి పెరటి కరివేపాకు మా వంటింటికి వస్తోంది. మా వారి నిద్ర కూడా కొంత కుదుటపడింది.

ఆచరించే విధానం

హేమంత ఋతువులో అభ్యంగనం హితమని ఆయుర్వేదం చెబుతుంది. పడుకునే ముందు గోరువెచ్చని నువ్వులనూనెతో అరికాళ్లను పది నిమిషాలు మృదువుగా మర్దన చేసుకోండి. ఈ పాదాభ్యంగనం నిద్రకు, కంటికి మేలు చేస్తుందని పెద్దల మాట. పాదాలపై పుండ్లున్న మధుమేహ రోగులు మాత్రం డాక్టరును అడగాలి. మర్దన చేసుకుంటూనే ఒక మనిషిని, ఆయన చేసిన ఒక పనిని తలచుకోండి. "అందరికీ కృతజ్ఞతలు" అని ఒక్కమాటలో ముగించకండి. ఎవరు, ఎప్పుడు, ఏమి చేశారో వివరంగా గుర్తుచేసుకోండి. ఒక నోటుపుస్తకంలో రెండు వాక్యాలు రాయండి. వారానికొకసారి ఆ పేర్లలో ఒకరిని స్వయంగా కలిసి గాని, ఫోనులో గాని ఆ మాట చెప్పండి.

ఒక హెచ్చరిక

కృతజ్ఞత పేరుతో అన్యాయాన్ని సహించమని ఎవరూ చెప్పలేదు. న్యాయంగా రావలసిన దానిని అడగడం, అందిన దానిని గుర్తుంచుకోవడం, రెండూ ఒకే మనిషి చేయవచ్చు. అలాగే వారాల తరబడి దిగులు, నిద్రలేమి, బ్రతుకుపై విరక్తి ఉన్నవారికి ఈ సాధన ఒక్కటే చాలదు. అటువంటివారిని వెంటనే మానసిక వైద్యునికి చూపించాలి. 14416 నంబరుకు ఫోను చేస్తే టెలీ మానస్ ద్వారా ఉచితంగా సలహా లభిస్తుంది.

తక్కినవారందరికీ కావలసినది రాత్రిపూట పది నిమిషాలు, కాస్త నువ్వులనూనె, ఒక నోటుపుస్తకం. కొత్త క్యాలెండరు గోడకు తగిలించేలోగా ఆ పుస్తకంలో కొన్ని పేర్లయినా చేరాలని, ఆ జ్ఞాపకంతో మీ ఇంటిల్లిపాదీ ప్రసన్నమైన మనస్సుతో నూతన సంవత్సరంలో అడుగుపెట్టాలని ఆకాంక్షిస్తున్నాను.