మెడలో గడ్డ వారాల్లోనే పెరిగితే

థైరాయిడ్ క్యాన్సర్ అనగానే డాక్టర్లు ధైర్యం చెబుతారు. అది సబబే. ఆపరేషన్, అవసరమైతే రేడియో అయోడిన్, ఆపైన రోజూ ఒక మాత్రతో ఎంతోమంది నిండు జీవితం గడుపుతున్నారు. ఆ భరోసా వర్తించని రకం అనాప్లాస్టిక్ క్యాన్సర్. థైరాయిడ్ క్యాన్సర్లలో ఇది 1 నుంచి 2 శాతమే అయినా, వాటివల్ల సంభవించే మరణాల్లో దీని వాటా చాలా ఎక్కువ. సాధారణంగా 60 దాటినవారికి, చాలాసార్లు ఏళ్ల తరబడి ఉన్న థైరాయిడ్ వాపు, అంటే గాయిటర్‌లోనే మొదలవుతుంది. ఊరుకున్న గడ్డ వారాల్లోనే పెరిగి రాయిలా గట్టిపడుతుంది. గొంతు బొంగురుపోతుంది, ముద్ద దిగదు, ఊపిరి బరువవుతుంది. బయటపడేసరికే దీన్ని నాలుగో దశగా లెక్కిస్తారు. అందుకే ఈ జబ్బులో మందు ఎంత ముఖ్యమో, పరీక్షలు వెంటనే జరగడమూ అంతే ముఖ్యం.

సన్నని సూదితో చేసే పరీక్షలో ఒక్కోసారి చచ్చిన కణాలే వస్తాయి. అప్పుడు కాస్త లావు సూదితో గడ్డలోంచి ముక్క తీసి కోర్ బయాప్సీ చేయాలి. ఇది తప్పనిసరి, ఎందుకంటే థైరాయిడ్ లింఫోమా అనే మరో క్యాన్సర్ కూడా ఇలాగే ఉబ్బుతుంది, కానీ దానికి కీమోథెరపీ బాగా పనిచేస్తుంది. అదే ముక్క మీద బీరాఫ్ జన్యువులో మార్పు ఉందేమో కూడా చూడాలి. అనాప్లాస్టిక్ రోగుల్లో దాదాపు 40 శాతం మందిలో అది కనిపిస్తుంది. పూర్తి జన్యు పరీక్షకు వారాలు పట్టవచ్చు. గాజు పలక మీద రంగు వేసి చూసే పరీక్ష కొద్ది రోజుల్లోనే సంగతి తేలుస్తుంది.

అనాప్లాస్టిక్ క్యాన్సర్ కణాలు అయోడిన్‌ను పీల్చుకోవు కనుక రేడియో అయోడిన్ పనిచేయదు. గతంలో సగంమంది ఆరు నెలలైనా బతికేవారు కాదు. బీరాఫ్ మార్పు ఉన్నవారికి డాబ్రాఫెనిబ్, ట్రమెటినిబ్ మాత్రలు కలిపి వాడేందుకు 2018 మేలో అమెరికా అనుమతించింది. హ్యూస్టన్‌లోని ఎండీ ఆండర్సన్ ఆస్పత్రిలో 2000-2013 మధ్య ఏడాది దాటి బతికినవారు 35 శాతం, 2017-2019లో 59 శాతం. అంత దూరం వెళ్లగలిగినవారు కొంత ఓపిక ఉన్నవారేనన్న అభ్యంతరం న్యాయమైనదే. ఆ అంకెలు ప్రతి ఊరికీ వర్తించవు. అయినా అదే ఆస్పత్రిలో ఫలితం మారిందంటే, వెంటనే పరీక్షలు, సరైన మాత్రలు, గడ్డ తగ్గాక ఆపరేషన్ అనే వరుసకు అందులో పాత్ర ఉందనే అనుకోవాలి.

అలాగని అందరికీ మెడ స్కాన్ చేయాలా? అక్కర్లేదు. దక్షిణ కొరియాలో ఆరోగ్యవంతులకు స్కాన్లు చేయడంతో ఆపరేషన్లు పెరిగాయి కానీ మరణాలు తగ్గలేదు. గడ్డ ఉండటం కన్నా అది పెరిగే వేగమే ప్రమాద సూచిక. పెద్ద వయసులో, ఇంత ఖర్చుతో ఈ బాధ దేనికని కొందరు అడుగుతారు. జబ్బు పేరు తెలిసినంత మాత్రాన చికిత్స చేయించుకోవాలని లేదు. బీరాఫ్ మార్పు లేకపోయినా, ఉపశమన వైద్యమే చాలనుకున్నా, ఊపిరి ఆడనప్పుడు గొంతుకు రంధ్రం చేయించుకోవాలో వద్దో రోగి ముందే చెప్పగలిగేది నిజం తెలిస్తేనే. కాబట్టి మీ ఇంట్లో పెద్దవాళ్ల మెడలో గడ్డ వారాల్లోనే పెరుగుతుంటే వచ్చే నెల దాకా ఆగకండి. ఆ వారంలోనే క్యాన్సర్ సర్జన్‌కు చూపించండి. బయాప్సీతో పాటు బీరాఫ్ పరీక్ష కూడా చేయమని అడగండి.