ఇంట్లో చేసిన గైగర్ కౌంటర్: ఆ టిక్ టిక్‌ను చదవడమెలా?

2010 ఏప్రిల్. ఢిల్లీలోని మాయాపురి తుక్కు బజారులో కొందరు కార్మికులు ఉన్నట్టుండి జబ్బుపడ్డారు. ఒక విశ్వవిద్యాలయ ప్రయోగశాల నుంచి వేలంలో వచ్చిన పాత గామా యంత్రాన్ని విప్పడంతో అందులోని కోబాల్ట్-60 బయటపడింది. ఒకరు మరణించారు. చూపుకు అది మామూలు లోహమే. రంగు, వాసన ఏ హెచ్చరికా ఇవ్వవు. రేడియేషన్‌ను పసిగట్టాలంటే పరికరం కావాల్సిందే.

అలాంటి పరికరాన్ని నగరం మరో కొసన, యమునకు తూర్పున ఉన్న లక్ష్మీ నగర్‌లో అద్దె గదిలో ఉండే విద్యార్థి కూడా తయారుచేసుకోవచ్చు. దీనికి గుండెకాయ 1928లో హాన్స్ గైగర్, వాల్టర్ ముల్లర్ రూపొందించిన ట్యూబు. అందులో తక్కువ పీడనంలో వాయువు, మధ్యలో సన్నని తీగ ఉంటాయి. రేడియేషన్ కణం దూసుకెళ్లినప్పుడు వాయువులోంచి ఎలక్ట్రాన్ ఊడుతుంది. తీగకు ఇచ్చిన అధిక వోల్టేజి దాన్ని లాగుతుంటే, దారిలో అది మరెన్నో ఎలక్ట్రాన్లను ఊడగొడుతుంది. ఆ చిన్న విద్యుత్ తరంగమే 'టిక్'.

ఔత్సాహికులు ఎక్కువగా వాడే ఎస్‌బీఎం-20 ట్యూబుకు దాదాపు 400 వోల్టులు కావాలి. 5 వోల్టులను అంతకు పెంచే సర్క్యూట్, టిక్కులు లెక్కపెట్టే ఆర్డ్యూనో బోర్డు ఉంటే చాలు. స్విచ్ ఆపినా కెపాసిటర్‌లో విద్యుత్ నిలిచి ఉంటుంది. ముట్టుకుంటే షాక్ కొడుతుంది. కాబట్టి సర్క్యూట్‌ను ప్లాస్టిక్ పెట్టెలో బిగించాలి.

ఆన్ చేయగానే టిక్కులు మొదలైతే కంగారు పడనక్కర్లేదు. అంతరిక్షం నుంచి వచ్చే కిరణాలు, గోడల ఇటుకలు ఎప్పుడూ కొంత రేడియేషన్ ఇస్తూనే ఉంటాయి. ముందు ఆ మామూలు స్థాయిని కొలిచి రాసుకోవాలి. నిమిషానికి 25 టిక్కులు వచ్చాయనుకుందాం. అందులో 5 అటూ ఇటూ కావడం సహజం, అంటే 20 శాతం తేడా. అదే 16 నిమిషాలు లెక్కిస్తే సుమారు 400 వస్తాయి, తేడా 20 మాత్రమే, అంటే 5 శాతం.

ఇప్పుడు పొలాల్లో చల్లే పొటాష్ ఎరువు కిలో పొట్లాన్ని ట్యూబు పక్కన పెట్టండి. అందులోని పొటాషియం-40 వల్ల సెకనుకు సుమారు 15 వేల పరమాణువులు క్షీణిస్తుంటాయి. ఒక్క నిమిషంలో బయటపడని పెరుగుదల ఓపికగా లెక్కిస్తే కనిపిస్తుంది.

ఈ కౌంటర్‌కు పరిమితులున్నాయి. ఎస్‌బీఎం-20 ఆల్ఫా కణాలను పట్టుకోదు. రేడియేషన్ మరీ తీవ్రమైతే అసలు కంటే తక్కువ చూపవచ్చు. అందుకే, ఏదైనా వస్తువు దగ్గర అంకె మామూలు స్థాయికి ఎన్నో రెట్లు పెరిగితే దాన్ని విప్పకండి, ముట్టకండి. దూరం జరిగి, ఇతరులనూ దూరంగా ఉంచి, 112కు ఫోన్ చేయండి.