విషలోహములకు సంకెల: కర్మాగార వ్యర్థములతో నేల రక్షణ

పొయ్యి బూడిదను పెంటదిబ్బలో కలిపి పొలమునకు తోలుట మన రైతులకు తాతలనాటి వాడుక. ఇప్పుడు కర్మాగారముల బూడిదయు, చిట్టెమును, సున్నపు మడ్డియు చెడిన నేలకు మందుగా పనిచేయునని వినవచ్చుచున్నది. ఇందలి నిజమెంతయో, జాగ్రత్త యెచ్చట అవసరమో తలుపుల మండలమువంటి వేరుసెనగ సీమలలోని పంచాయతీ సభ్యులు తెలిసికొనుట మంచిది.

నేలలో చేరిన లోహము

సీసము, కాడ్మియము, క్రోమియము, ఆర్సెనిక్ వంటివి చెత్తవలె కుళ్లి నశించునవి కావు. ఒకసారి నేల చేరినచో తరతరములు నిలిచియుండును. వానిలో నీట కరగిన భాగమే వేళ్లద్వారా పైరులోనికిని, ఊటద్వారా బావులలోనికిని ప్రవేశించును. హైదరాబాదు చెంత పటాన్‌చెరు పారిశ్రామికవాడ మురుగు నక్కవాగులో కలిసి పొలములను పాడుచేసినది. 1990లో ఆ వ్యాజ్యము సుప్రీంకోర్టుకు చేరినది. అచ్చటి నేలలో క్రోమియము, ఆర్సెనిక్, కాడ్మియము మితిమీరియున్నట్లు జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ శాస్త్రజ్ఞులు 2001లో ప్రకటించిరి.

బంధించు ఉపాయము

చెడిన మట్టినంతయు త్రవ్వి తరలించుట మిక్కిలి ఖర్చుతో కూడినది. కావున లోహమును ఉన్నచోటనే కరగకుండ కట్టివేయు మార్గమును శాస్త్రజ్ఞులు కనుగొనిరి. క్షారగుణము గల బూడిదగాని, ఉక్కు చిట్టెముగాని, సున్నపు మడ్డిగాని కలిపినచో నేలలోని ఆమ్లగుణము తగ్గి సీసము, కాడ్మియము, జింకు చాలవరకు కరగని రూపము దాల్చును. బాక్సైటునుండి అల్యూమినియము తీయగా మిగిలిన ఎర్రబురదలోని ఇనుప ఆక్సైడులు లోహములను తమకు అంటించుకొనును. బెల్జియం దేశమున లోమ్మెల్ వద్ద జింకు కర్మాగారమువలన గడ్డియైన మొలవని 3 హెక్టారుల నేలలో 1990లో బొగ్గుగని వ్యర్థమును కాల్చగా వచ్చిన పదార్థమును, కంపోస్టును కలిపి గడ్డి విత్తిరి. ఐదేండ్ల తరువాత కూడ అచ్చట పచ్చదనము నిలిచియుండెను.

మరువరాని హెచ్చరికలు

ఒకే మందు అన్ని రోగములకు పనికిరాదు. సీసమును బంధించు క్షారమే ఆర్సెనిక్‌ను విడుదల చేయవచ్చును. బొగ్గు బూడిదలోనే కొంత ఆర్సెనిక్, కొంత సీసము ఉండును. చౌడు తగిలిన నేలకు క్షారపు బూడిద మరింత చెరుపు చేయును. అన్నిటికంటె ముఖ్యము, బంధింపబడిన లోహము నేలలోనే యుండును. ఆమ్లగుణము మరల పెరిగినచో సంకెల సడలును.

పంచాయతీ కర్తవ్యము

పొరుగున కడప జిల్లాలో ముద్దనూరు వద్ద రాయలసీమ థర్మల్ విద్యుత్కేంద్రము కలదు. ఇట్టి కేంద్రముల బూడిద ఇటుకలకు, సిమెంటుకు చక్కగా ఉపయోగపడును. కాని ఏ కర్మాగారపు వ్యర్థమునైనను ఉచితముగా పొలములకు తోలెదమని ఎవరైన వచ్చినచో పరీక్షాపత్రము చూడనిదే అంగీకరింపరాదు. సాధారణ భూసార పరీక్షలో సీసము, ఆర్సెనిక్ తేలవు. అనుమానము కలిగినచోట మండల వ్యవసాయాధికారి ద్వారా మట్టికిని, బావినీటికిని లోహపరీక్ష కోరవలెను. పాత బ్యాటరీలను పగులగొట్టి సీసము కరగించు పనిని ఊరి పొలిమేరలో సాగనీయక, కాలుష్య నియంత్రణ మండలికి తెలుపవలెను. ఈ విషయములను గ్రామసభలో చర్చించి తీర్మానము చేయుట శ్రేయస్కరము.

చెడిన నేలను బాగుచేయుటకు ఏండ్లు పట్టును. చెడకుండ కాపాడుటకు సభ్యుల మెలకువ చాలును.