కాంగ్రెసు సంస్థలో అధికార సోపానము: విరుదునగర సీమ దృష్టాంతము

రాజకీయపక్షమనగా ఎన్నికలవేళ కనబడు జెండాయు, వేదికపై వినబడు ప్రసంగమును మాత్రమే కాదు. ఎవరు ఎవరికి జవాబుదారి, ఎవరిని ఎవరు నియమింతురు అను రెండు ప్రశ్నలకు సమాధానమే పక్షనిర్మాణము. కారియాపట్టి, కోవిల్‌పట్టి ప్రాంతముల తెలుగువారు ఎరుగదగిన ఈ విషయమునకు దృష్టాంతము విరుదునగర సీమయందే కలదు.

1920లో నాగపురమున కూడిన కాంగ్రెసు మహాసభ గాంధీమహాత్ముని పూనికతో నూతన నిబంధనావళిని అంగీకరించెను. నాలుగణాల చందా చెల్లించినవారు సభ్యులైరి. స్థానిక, జిల్లా, రాష్ట్ర సంఘములు వరుసగా ఏర్పడెను. అన్నింటికి పైన 350 మందితో అఖిల భారత సంఘమును, నిత్యవ్యవహారములకు 15 మందితో కార్యవర్గమును నిలిచెను. ఎన్నిక క్రిందినుండి పైకి పోవును. ఆజ్ఞ పైనుండి క్రిందికి వచ్చును. వీనిలో ఒకటి తెగినచో సంస్థ పేరునకు మాత్రమే మిగులును.

పదవి గొప్పదా, వ్యక్తి గొప్పవాడా అను సందేహమునకు విరుదునగరవాసి కామరాజు చరిత్రమే సమాధానము. 1936లో సత్యమూర్తి తమిళనాడు కాంగ్రెసునకు అధ్యక్షుడు కాగా కామరాజు కార్యదర్శియయ్యెను. 1940లో శిష్యుడు అధ్యక్షుడయ్యెను. గురువు ఆయన క్రింద కార్యదర్శిగా పనిచేసెను. గౌరవము తరుగలేదు, క్రమము చెడలేదు. 1941లో కారాగారమున నుండగనే కామరాజు విరుదునగర పురపాలక సంఘాధ్యక్షుడుగా ఎన్నికయ్యెను. విడుదలయైన పిదప, పూర్తిగా న్యాయము చేయజాలని పదవిని వహింపరాదని దానిని వదలుకొనెను.

అయితే సంస్థాధికారము వేరు, శాసనసభాపక్షాధికారము వేరు. 1947లో టంగుటూరి ప్రకాశము మదరాసు ప్రధానమంత్రి పదవిని వీడుటకు కారణము సభలోని స్వపక్షసభ్యుల విశ్వాసము సన్నగిల్లుటయే. పిదప ఓమందూరు రామస్వామి రెడ్డియారును, 1949లో రాజపాళెము తెలుగువాడైన పూసపాటి కుమారస్వామిరాజాయు ఆ స్థానమునకు వచ్చిరి. వారిని ఎన్నుకొన్నది శాసనసభాపక్షమే. కాని సంస్థాధ్యక్షుడైన కామరాజు మొగ్గు దాని వెనుక నుండెను. 1963లో కామరాజు ముఖ్యమంత్రిత్వమును విడిచి సంస్థాసేవకు మరలుటయు, అంతకుమునుపు 1960లో నీలము సంజీవరెడ్డి ఆంధ్రప్రదేశ ముఖ్యమంత్రిత్వమును విడిచి అఖిల భారత కాంగ్రెసు అధ్యక్షుడగుటయు ఈ రెండు మార్గముల నడుమ జరిగిన ప్రయాణములే.

నాగపుర నిబంధనావళి రాష్ట్ర సంఘములను భాషననుసరించి విభజించెను. కాని హద్దులు గీయబడినది భూమిమీద; ఇంటిలో మాటలాడు భాషమీద కాదు. ఈ సీమ తెలుగువారు తమిళనాడు సంఘము పరిధిలోనివారైరి. ఆంధ్ర సంఘమునకు వారిపై అధికారము లేదు. వారి తరఫున పలుకు బాధ్యతయు లేదు. కుమారస్వామిరాజా ఎదిగినది తన సీమ సోపానమెక్కియే.

ఈ వివేకము నేటికిని అవసరమే. 2006లో తమిళనాడు శాసనసభ చేసిన తమిళ విద్యా చట్టము పాఠశాలలలో తమిళమును క్రమముగా నిర్బంధపాఠ్యముగా చేసెను. తెలుగు పాఠశాలల బిడ్డల భవిష్యత్తు దీనితో ముడివడియున్నది. పక్షసంఘము తీర్మానము చేయవచ్చును గాని చట్టమును మార్చునది శాసనసభయే. కనుక కోరికను స్థానికసంఘమునకు తెలిపినంతమాత్రమున చాలదు. శాసనసభ్యుని చెంతకును చేర్పవలెను. అడుగవలసిన తావు తెలియని కోరిక, ఎంత న్యాయమైనదైనను, దారిలోనే నిలిచిపోవును.