గది విడిచిన అధికారులు

1994 సెప్టెంబరులో సూరత్ నగరాన్ని ప్లేగు భయం కమ్ముకొన్నది. దేశం మొత్తంమీద నమోదైన మరణాలు 60కి లోపే. అయినా కొద్ది రోజులలోనే లక్షలాది ప్రజలు రైళ్లకూ బస్సులకూ ఎగబడి ఊరు విడిచారు. తెలంగాణ నుంచి వలస వెళ్లిన నేత కుటుంబాలతో సహా నానా ప్రాంతాల కార్మికులకు అన్నం పెట్టే మరమగ్గాలు మూగబోయాయి. వరదనీరు నిలిచి, చెత్త కుళ్లిన వీధులే ఈ విపత్తుకు రంగం సిద్ధం చేశాయి.

1995 మే నెలలో ఎస్.ఆర్.రావు మునిసిపల్ కమిషనరుగా వచ్చారు. ఊరు బాగుపడాలంటే ముందు ఉద్యోగుల పని తీరు మారాలని ఆయన గ్రహించారు. నగరాన్ని ఆరు మండలాలుగా విభజించి, తన అధికారాలను మండలాధిపతులకు పంచి ఇచ్చారు. ప్రతి చిన్న ఖర్చుకూ పైవారి సంతకం కోసం ఎదురుచూసే అగత్యం తప్పింది. అధికారులు ప్రతి ఉదయం వీధులలో తిరగాలి. చూసిన లోపాలను ఆనాడే సమావేశంలో చర్చించి పరిష్కరించాలి. దీనికి ఆయన పెట్టిన ముద్దుపేరు ‘ఏ.సి. నుంచి డి.సి.కి’, అనగా చల్లని గదుల నుంచి ‘డైలీ చోర్స్’కు, నిత్యకృత్యాలకు. ప్రధాన వీధులను రాత్రివేళ కూడా ఊడ్చే ఏర్పాటు జరిగింది. చెత్త పారవేసినవారికి జరిమానాలు తప్పలేదు.

రెండేళ్లు తిరగకముందే ‘ఇంటాక్’ సంస్థ సూరత్‌ను దేశంలో రెండవ పరిశుభ్ర నగరంగా గుర్తించింది. 1998లో రావును పద్మశ్రీ వరించింది.

ఉద్యోగుల ఎంపిక, శిక్షణ, పనితీరు మదింపు, ప్రోత్సాహం - వీటన్నిటిలోనూ పర్యావరణ రక్షణను భాగం చేయడాన్ని నేడు విశ్వవిద్యాలయాలు ‘హరిత మానవ వనరుల నిర్వహణ’ అను పేరిట బోధిస్తున్నాయి. ఆ పేరు ప్రచారంలోకి రాకముందే సూరత్ దాని సారాన్ని ఆచరించింది. బోధించే ప్రాంగణాలకు సైతం ఈ అనుభవం ఒక అద్దం. పర్యావరణ దినాన మొక్క నాటడం సులభం. మరునాటి నుంచి నీరు పోసేదెవరు? కారుతున్న కుళాయి ఎవరి బాధ్యత? ప్రయోగశాల వ్యర్థాలను వేరుచేయడంలో సహాయకునికి శిక్షణ ఇచ్చినదెవరు? చిన్న మరమ్మతుకు అనుమతించే అధికారం వసతిగృహ పర్యవేక్షకునికి ఉన్నదా? ఈ ప్రశ్నలకు సమాధానం లేనిచోట హరిత విధానం గోడమీది నినాదంగానే మిగులుతుంది.

కమిషనరు బదిలీ అయి వెళ్లినా, ఆయన నాటిన అలవాటు నగరంలో నిలిచింది. 2023 స్వచ్ఛ సర్వేక్షణ్‌లో ఇందోరుతో కలిసి సూరత్ ప్రథమ స్థానం పొందింది. వ్యక్తి వెళ్లిన పిమ్మట కూడా పని సాగినప్పుడే సంస్కరణ వేరూనినట్లు.